యువ సభ్యులకు కుర్చీ ఒక్కటే చాలదు, కాగితాలూ ఓటూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

చర్చిలు నడిపే అంతర్జాతీయ సహాయ సంస్థల్లో యువజన మండళ్లు ఎందుకంటూ ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. పాతికేళ్ల పిల్లలను విమానాలెక్కించి సమావేశాలకు తిప్పడం, వాళ్లు నాలుగు ఫొటోలు దిగి రావడం తప్ప వీటివల్ల ఒరిగిందేమీ లేదని, ఆ డబ్బేదో నేరుగా పేదలకు పంపితే వాళ్ల కడుపైనా నిండుతుందని ఆయన బాధ. ఆయన మాటల్లో నాకు ద్వేషం కనిపించలేదు. కానుక వేసిన మనిషికి అది ఏమైందో అడిగే హక్కుంది, ఆ హక్కుతోనే ఆయన అడిగారు. అందుకే జవాబు రాయాలనిపించింది. ఉత్తరం పొడవైంది, వీలైతే పూర్తిగానే వేయండి.

సంస్థ నిర్ణయాల మీద యువత మాట చెప్పడానికి వేర్వేరు దేశాల సభ్యులు కూర్చునే అలాంటి ఒక మండలిలో నేను పనిచేశాను. ముప్పై ఏళ్లు నిండగానే నిబంధన ప్రకారం తప్పుకున్నాను. నాది లెక్కలు చూసే ఉద్యోగం. బహుశా అందుకే మా మండలికి వచ్చే కాగితాల్లో నా కళ్లు ముందు అంకెల మీదికే పోయేవి. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేవి అక్కడ ఒక్కచోటే జరిగేవి కావు, వేరే సంస్థల మండళ్లలో ఉన్న స్నేహితులు కూడా దాదాపు ఇవే చెబుతుంటారు.

ఈ సంస్థలేమిటో తెలియని పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఐరోపాలో లక్షల మంది ఇల్లూవాకిలీ పోగొట్టుకుని రోడ్డున పడ్డారు. వాళ్లను ఆదుకోవడానికి బ్రిటన్ చర్చిలు 1945లో కలిసి మొదలుపెట్టిన పనే తర్వాత క్రిస్టియన్ ఎయిడ్ అయింది. 1947లో లూథరన్ చర్చిల కూటమి లూథరన్ ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. జర్మనీ ప్రొటెస్టెంటు చర్చిలు 1959లో బ్రెడ్ ఫర్ ది వరల్డ్ ప్రారంభించాయి. ఇంగ్లండ్, వేల్స్ కాథలిక్కుల సంస్థ కాఫోడ్ 1962లో వచ్చింది. శరణార్థులతో మొదలైన పని కరవులకూ తుపానులకూ, అక్కడి నుంచి తాగునీరు, చదువు, వైద్యం, ఆడవాళ్ల పొదుపు సంఘాల దాకా పాకింది. 2010లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన యాక్ట్ అలయన్స్‌లో ఇప్పుడు వందకు పైగా చర్చిలు, సంస్థలు ఉన్నాయి. డబ్బు కొంత ఆదివారం కానుకల నుంచి, కొంత ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో చేసే ప్రత్యేక వసూళ్ల నుంచి, కొంత ప్రభుత్వాల గ్రాంట్ల నుంచి వస్తుంది.

ఇదంతా మతం మార్చడానికేనా అని నన్ను అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ నేను చూపించేది 1994 నాటి ప్రవర్తనా నియమావళి. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు ఎలా నడుచుకోవాలో రెడ్‌క్రాస్ సంస్థలు, మరికొన్ని సంస్థలు కలిసి పది సూత్రాలుగా రాసుకున్నాయి. సాయానికి అవసరమే కొలమానం, అందుకునేవాళ్ల జాతి, మతం, దేశం చూడకూడదు. సాయాన్ని ఏ రాజకీయ, మతపరమైన వాదాన్ని ముందుకు తోయడానికీ వాడకూడదు. ఈ నియమావళిని తయారుచేసినవాళ్లలో కాథలిక్కుల సహాయ సంస్థ కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. అంటే బయటివాళ్లు పెట్టిన షరతుకు వీళ్లు తలవంచడం కాదు, ఆ షరతు రాసిన చేతుల్లో చర్చిల చేతులూ ఉన్నాయి. ఎక్కడైనా ఒక సంస్థ ఆ సూత్రం తప్పితే నిలదీయాల్సిందే. మా మండలిలో మేం నిలదీసిన సందర్భాలున్నాయి.

ఇక యువత సంగతి. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1984లో బుడాపెస్ట్ మహాసభలో ఒక నిర్ణయం తీసుకుంది. సమాఖ్య సభల్లో, నిర్ణయాలు తీసుకునే చోట ఇరవై శాతం స్థానాలు యువతకు ఉండాలన్నది అందులో భాగం. అక్కడ యువత అంటే ముప్పై లోపు వాళ్లు. 2011 డర్బన్ వాతావరణ సదస్సు నుంచి ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చలకు ఆ సమాఖ్య తరఫున యువ ప్రతినిధులు వెళ్తున్నారు. అన్ని సంస్థలూ ఇంత దూరం రాలేదు. కొన్నిచోట్ల యువజన మండలి అంటే బోర్డుకు సలహా చెప్పే గుంపు మాత్రమే. ఇంకొన్నిచోట్ల బోర్డులో ఒకరిద్దరు యువ సభ్యులు కూర్చుంటారు గానీ ఓటుండదు, వాళ్లను పరిశీలకులు అంటారు.

పెద్దాయన రాసినదాంట్లో సగం నిజమని నేను ఒప్పుకునేది ఈ చివరి రకం మండళ్ల విషయంలోనే. పిల్లలూ యువతా ఏదైనా పనిలో పాల్గొంటున్నారంటే ఏ మేరకు పాల్గొంటున్నారో చూడటానికి రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. అందులో కింది మూడు మెట్లను అసలు పాల్గొనడం కిందే లెక్కవేయలేదు. పెద్దల మాటను పిల్లల నోట పలికించడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు ఒక చోటు ఇవ్వడం, ఇవీ ఆ మూడు. ప్రారంభ ప్రార్థన, ముగింపు పాట, మధ్యలో గ్రూప్ ఫొటో యువతవి, బడ్జెట్ మాత్రం పెద్దలది అన్న పద్ధతి నడిచే మండలి ఆ మూడో మెట్టు దాటనట్టే. అలాంటి దాని కోసం ఎవరి కానుకా ఖర్చు కాకూడదు, ఆ మాటలో నేను ఆయన పక్షమే.

అయితే ఆ మెట్టు మీద ఎందుకు ఆగిపోతారో దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతాను. బోర్డు సభ్యులకు సమావేశ కాగితాలు రెండు వారాల ముందు వెళ్లేవి. మాకు మాత్రం తెల్లారితే సమావేశం అనగా రాత్రి వచ్చేవి. అదీ బారెడు పీడీఎఫ్, ఇంగ్లీషులో. మాలో ఒకమ్మాయి కొలంబియా నుంచి. స్పానిష్‌లో ఆమె ఎంత చురుగ్గా మాట్లాడుతుందో భోజనాల దగ్గర విన్నవాళ్లకు తెలుసు. సమావేశంలో మాత్రం ఆమె నోరు విప్పేది కాదు. అనువాదకుల ఖర్చు మిగిలిందని ఆ ఏడాది లెక్కల్లో రాసుకున్నారు. ఆన్‌లైన్ సమావేశాల సమయం మరో కథ. వేసవిలో జెనీవాలో మధ్యాహ్నం రెండు గంటలైతే ఫిజీలో అర్ధరాత్రి, కొలంబియాలో ఉదయం ఏడు. ప్రతిసారీ అదే సమయం పెడితే ప్రతిసారీ నిద్ర చెడేది ఫిజీ వాళ్లకే. సమావేశ సమయం వంతులవారీగా మార్చండి అని అడిగితే "ఆఫీసు వేళలు కుదరవు" అన్నారు. అలా కొన్నాళ్లు గడిచాక ఫిజీ సభ్యుడు రావడం మానేశాడు. "ఆసక్తి లేక హాజరు తగ్గింది" అని మినిట్స్‌లో పడింది. ఆ వాక్యం తీయించడానికి మేం చాలా పోట్లాడాం.

ఇంత జరిగినా ఈ మండళ్లు ఉండి తీరాలని ఎందుకంటున్నానో చెప్పాలంటే ఒక చేతిపంపు గురించి చెప్పాలి.

తూర్పు ఆఫ్రికాలో ఒక తాగునీటి ప్రాజెక్టు ముగింపు నివేదిక మా ముందుకొచ్చింది. చూడముచ్చటగా ఉంది. అనుకున్నన్ని బోర్లు వేశారు, అనుకున్నన్ని పంపులు బిగించారు, డబ్బు పైసాతో సహా ఖర్చయింది, ఆడిట్‌లో అభ్యంతరం లేదు. లెక్కల మనిషిగా నాకు వేలు పెట్టి చూపించడానికి ఏమీ దొరకలేదు. పేజీ తిప్పబోతుండగా టాంజానియా తమ్ముడు ఒకడు చెయ్యెత్తాడు. "వీటిలో ఇవాళ నీళ్లు వస్తున్నవి ఎన్ని?" అని అడిగాడు. ప్రాజెక్టు అధికారి కాగితాలు అటూఇటూ తిప్పి, ఆ వివరం నివేదికలో ఉండదన్నారు. బిగించినవెన్ని అన్నదే లెక్క, ఆడుతున్నవెన్ని అన్నది ఎవరూ అడగరు.

ఆ కుర్రవాడి తల్లి వాళ్ల ఊరి నీటి కమిటీలో సభ్యురాలు. అతను చెప్పింది విన్నాక నాకు ఆ నివేదిక వేరేలా కనిపించింది. బిగించిన పంపు ఇండియా మార్క్ 2. తెలుగు పాఠకులకు ఎరుకైన బోరింగే అది. మహారాష్ట్రలో తయారైన షోలాపూర్ పంపును ఆధారం చేసుకుని 1970లలో యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందించారు. మోటుగా వాడినా తట్టుకుంటుంది, అందుకే ఆఫ్రికా అంతటా పాకింది. కానీ భూమి లోపల, పైపుల వరుస చివర ఉండే సిలిండర్‌లో వాషర్లు అరిగిపోతాయి. వాషర్ ఖరీదు చాలా తక్కువ. దాన్ని మార్చాలంటే మాత్రం పైనుంచి కిందిదాకా ఉన్న ఇనుప పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. దానికి ముక్కాలి స్టాండు కావాలి, పెద్ద పానాలు కావాలి, బలమైన మనుషులు కొందరు కావాలి, వాళ్లను పట్టణం నుంచి తీసుకురావడానికి బండి కావాలి. ఈ ఇబ్బంది తెలిసే తర్వాత మార్క్ 3 తయారు చేశారు. అందులో పైపులు కదపకుండానే పిస్టన్‌ను పైకి తీయొచ్చు, ఊళ్లోవాళ్లే చేసుకోగలరు. మా నివేదికలోని ప్రాజెక్టు మార్క్ 2 పంపులు పెట్టింది, విడిభాగాలకు పైసా పెట్టలేదు, శిక్షణ ఎవరికీ ఇవ్వలేదు. వాషర్ అరిగిన రోజున ఆడవాళ్లు మళ్లీ బిందెలు నెత్తిన పెట్టుకుని పాత చెలమ దగ్గరికే నడుస్తారు. సహారా దిగువ ఆఫ్రికాలో ఏ రోజు చూసినా చేతిపంపుల్లో సుమారు నాలుగింట ఒకటి పనిచేయడం లేదన్న అంచనా ఆ తర్వాత చదివాను. అంచనాగా చదివితే అది ఒక అంకె. ఆ కుర్రవాడు వాళ్లమ్మ నడిచే దారి చెబుతుంటే విన్న మాకు అంకెగా అనిపించలేదు.

మండలి తరఫున ఒక తీర్మానం రాశాం. నీటి ప్రాజెక్టు ఏదైనా ముగిసిన ఏడాదికి మళ్లీ వెళ్లి పంపు ఆడించి చూడాలి, విడిభాగాలకు బడ్జెట్‌లోనే వాటా ఉంచాలి, ప్రతి నీటి కమిటీలో ఆడవాళ్లకు మరమ్మతు నేర్పాలి. ఏడాది తర్వాత చూసి రావడానికి బోర్డు వెంటనే ఒప్పుకుంది. శిక్షణకూ ఒప్పుకుంది. విడిభాగాల వాటా మాత్రం "దాతలు ఇష్టపడరు" అంటూ తోసిపుచ్చారు. మళ్లీ పెట్టాం. ఈసారి నేను లెక్కలు వేసి చూపించాను, పాడైన పంపును వదిలేసి పక్కనే కొత్త బోరు వేస్తే ఎంతవుతుందో, వాషర్లూ మనుషులూ బండీ కలిపి ఎంతవుతుందో. అప్పుడు ఒప్పుకున్నారు. ఇదంతా ఏ పత్రికలోనూ రాలేదు, రావాల్సినంత పెద్ద వార్త కూడా కాదు. అయితే పెద్దాయన అడిగిన "ఒరిగిందేమిటి" అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే. బోర్డులో అనుభవజ్ఞులు ఉన్నారు, ఆడిటర్లు ఉన్నారు, ఇంజినీర్లు ఉన్నారు. ఆ ప్రశ్న వాళ్లెవరికీ తట్టలేదు. పంపు పాడైతే ఏమవుతుందో ఇంట్లో చూసిన వాడికి తట్టింది. అతనికి ఆ గదిలో కుర్చీ ఉండబట్టి అడిగాడు, మా తీర్మానం మీద బోర్డు ఓటింగ్ జరపాల్సిన నిబంధన ఉండబట్టి అది పద్ధతిగా మారింది.

ఫొటోల విషయం కూడా అంతే. విరాళాల కోసం వేసే పోస్టర్‌కు ఒక చంటిపాప ఫొటో ఎంచారు. ముక్కు కారుతోంది, కళ్లలో నీళ్లు, ఒంటి మీద గుడ్డ లేదు. మాలో ఒకమ్మాయి "పాప పేరేమిటి? వాళ్లమ్మను అడిగారా?" అంది. ఫొటో వెనక ఉన్నది ఫైలు నంబరు మాత్రమే, పేరు లేదు. 1984, 85 ఇథియోపియా కరవు ఫొటోలు ప్రపంచాన్ని కదిలించిన మాట నిజం. అలాంటి ఫొటోలు ఆ మనుషుల గౌరవాన్ని ఎంత దెబ్బతీశాయో ఆఫ్రికా వాళ్లే గట్టిగా చెప్పారు, ఐరోపా స్వచ్ఛంద సంస్థలు 1989లోనే దీని మీద ఒక నియమావళి రాసుకున్నాయి. కాగితం మీద అది ఉంది, పోస్టర్ చేసేవాళ్ల టేబుల్ మీద లేదు. ఆ ఫొటో ఆపించాం. చందాలు తగ్గుతాయేమోనని విరాళాల విభాగం చాలా టెన్షన్ పడింది. నిజమే, వాళ్ల మీద ఉండే ఒత్తిడి వాళ్లది. అయినా ఒక తల్లి అనుమతి లేకుండా ఆమె బిడ్డను గోడలకెక్కించి తెచ్చిన డబ్బుతో ఆ తల్లికే సాయం చేస్తామనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చర్చి పెద్దల్లో కొందరు ఇలాంటి ప్రశ్నలను సణుగుడు అంటారు. సణుగుడే అనుకుందాం. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. సంఘం జరిపే సాయం పంపిణీ మీద వచ్చిన మొట్టమొదటి తగాదా అక్కడుంది. రోజువారీ పంపిణీలో తమ విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు, సలహా సంఘం వేసి ఊరుకోలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపిణీ పనే వాళ్ల చేతికిచ్చారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎవరి వైపు నుంచి వచ్చిందో పెత్తనం ఆ వైపు వాళ్లకే అప్పగించారన్నమాట. ఆదివారం బడి నుంచీ వింటున్న కథ ఇది. సంస్థల బోర్డుల్లో దీన్ని ఎందుకు గుర్తుచేసుకోరో నాకు తెలియదు.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ముప్పై ఐదేళ్ల భారతీయుడొకాయన లేచి, మీరు పేదలకు మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని విదేశీ మిషనరీల ముఖం మీదే అడిగారు. సభలో కొందరికి అది రుచించలేదు. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాల గురించి వందేళ్ల కింద ఆయన అడిగినదాన్నే ఇప్పుడు మలావీ నుంచో బొలీవియా నుంచో వచ్చిన పిల్లలు వాళ్ల మాటల్లో అడుగుతున్నారు.

"నేరుగా పేదలకు పంపితే చాలు" అన్న మాట దగ్గర పెద్దాయనతో నాకు పెద్ద తేడా ఉంది. పంపాలి, కాదనను. కానీ చందా ఒక్కదానితో తీరని పనులున్నాయి. బైబిల్ లేవీయకాండంలోని సునాద సంవత్సరం (జూబిలీ) గుర్తుందా, పేదరికంలో అమ్ముకున్న భూములు తిరిగిచ్చి బానిసలను విడిపించే ఏడాది? దాని పేరుతోనే పేద దేశాల అప్పులు రద్దు చేయాలని జూబిలీ 2000 ఉద్యమం నడిచింది. 1998 మే 16న జీ8 దేశాధినేతలు బర్మింగ్‌హామ్‌లో సమావేశమైనప్పుడు సుమారు డెబ్బై వేల మంది చేయీచేయీ కలిపి మానవహారంగా నిలబడ్డారు. వాళ్లలో చర్చిల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆ ఒత్తిడి, ఆ తర్వాత ఏళ్లపాటు సాగిన ఒత్తిడి ఫలించి ముప్పైకి పైగా పేద దేశాల అప్పులు పెద్ద ఎత్తున రద్దయ్యాయి. ఎన్ని ఆదివారాల కానుకలు కూడబెడితే అంత సొమ్మవుతుంది? ధనిక దేశాలు తమ ఆదాయంలో ఒక శాతం పేద దేశాలకు ఇవ్వాలని 1958లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధులందరికీ పత్రం పంపింది ప్రపంచ చర్చిల మండలే. 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన 0.7 శాతం లక్ష్యానికి మూలం అక్కడుంది. ఇలాంటి పనికి ఓపికగా కాగితాలు చదివేవాళ్లు, ఎదురు ప్రశ్న వేసేవాళ్లు, ముప్పై నలభై ఏళ్లు ఆ పట్టు వదలనివాళ్లు కావాలి. వాళ్లు యువజన మండళ్లలోనే తయారవుతారు.

ఇప్పుడు రాయడానికి తొందర ఏమిటంటే, ఆ లక్ష్యం వెనక్కి నడుస్తోంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపేసింది, జూలై 1 నుంచి ఆ దేశ ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం అందించడమే మానేసింది. బ్రిటన్ తన సాయాన్ని 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని ప్రకటించింది. ప్రభుత్వ గ్రాంట్ల మీద నడిచే చర్చి సంస్థలు ప్రాజెక్టులు మూసి, మనుషులను తీసేయాల్సి వస్తోంది. అలాంటప్పుడు మొదట కత్తెర పడేది ఎక్కడో నాకు తెలుసు. నేను పనిచేసిన చోట యువజన మండలిని విరాళాల విభాగంలో కలిపేయాలన్న ప్రతిపాదన వచ్చింది. అంటే ఖర్చు మీద ప్రశ్నలు అడిగే పిల్లలు ఇకమీదట సైకిల్ యాత్రలు, కేకుల అమ్మకాలు చేసి డబ్బు తేవాలి. డబ్బు తేవడం తప్పు పని కాదు, మేమూ తెచ్చాం. కానీ ఉన్న డబ్బు కరిగిపోతున్నప్పుడే దాన్ని దేనికి పెడుతున్నారో అడిగేవాళ్లు మరింత అవసరం. ఏ ప్రాజెక్టు మూయాలన్న నిర్ణయం ఆ ప్రాజెక్టు ఊళ్లో ఉన్నవాళ్ల మాట వినకుండా జరిగితే, మళ్లీ పంపులు లెక్కపెట్టే పద్ధతికే వెళ్తాం.

విమానాల ఖర్చు విషయంలో మాత్రం ఆయన మాట పూర్తిగా సబబు. వాతావరణ మార్పు గురించి తీర్మానాలు చేసే మండలి అస్తమానం విమానాలెక్కడం బాగుండదు కూడా. ఒక పదవీకాలంలో ఒకసారి ముఖాముఖి కలిస్తే చాలు, మిగతావి ఆన్‌లైన్‌లో జరపొచ్చు. ఆ ఒక్కసారి కలవడం మాత్రం తీసేయకండి. టీ తాగుతూ మాట్లాడుకున్న పరిచయం లేకపోతే ఆ కుర్రవాడు అంతమంది పెద్దల ముందు చెయ్యెత్తి ఉండేవాడు కాదు. మిగిలిన ప్రయాణ ఖర్చును అనువాదకులకూ, ఇంటర్నెట్ చార్జీలు భరించలేని సభ్యులకూ మళ్లించండి.

ఎవరిని పంపుతున్నారన్నదీ చూడాలి. చాలా సంఘాల్లో ఆ నామినేషన్ ఉత్తరం ఎవరో ఒక పెద్ద గారి అబ్బాయికో మేనకోడలికో పోతుంది, నోటీసు బోర్డు దాకా రాదు. ఆ పిల్లల్లో మంచివాళ్లు లేరని కాదు. పొలం పనికో ఆస్పత్రి డ్యూటీకో వెళ్లే పిల్లలకు అలాంటి అవకాశం ఒకటుందన్న సంగతే తెలియదు. ఆరాధనలో ప్రకటన చదివి, దరఖాస్తులు తీసుకుని, సంఘం ముందు ఎంపిక చేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. వెళ్లొచ్చినవాళ్లు సంఘానికి లెక్క చెప్పాలి. ఎక్కడ బస చేశామో, ఏం చూశామో చెబితే సరిపోదు, ఏ కాగితం మీద ఏమడిగామో, ఏ జవాబు వచ్చిందో చెప్పాలి.

కానుకలు వేసే పాఠకులకు ఒక మనవి. మీ చర్చి ఏ అంతర్జాతీయ సంస్థకు డబ్బు పంపుతుందో కనుక్కోండి. అక్కడ యువ సభ్యులకు బోర్డు సభ్యులతోపాటే కాగితాలు అందుతున్నాయా, వాళ్లకు ఓటుందా, ఇంగ్లీషు రానివాళ్లకు అనువాదకుడు ఉన్నాడా అని ఉత్తరం రాసి అడగండి. దాతలు అడిగితే జవాబివ్వని సంస్థను నేను చూడలేదు.

మీ పాఠకుల పిల్లల్లో ఎవరైనా ఇలాంటి మండలికి ఎంపికై, మొదటి బడ్జెట్ పత్రం ముందు వేసుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుంటే, వాళ్లతో కలిసి దాన్ని చదవడానికి నేను సిద్ధం. నా చిరునామా ఈ ఉత్తరంతో మీ కార్యాలయానికి పంపుతున్నాను. పత్రికలో వేయనక్కర్లేదు, అడిగిన పిల్లలకు ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు